పదకొండు దేశాలు ఏమీ అనలేదు

జెనీవాలో 2022 అక్టోబరు 6న ఒక ఓటు జరిగింది. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలిలో 47 దేశాలుంటాయి. ఆ రోజు వాటి ముందుకొచ్చిన ప్రశ్న చాలా చిన్నది. చైనాలోని షిన్‌జియాంగ్ ప్రాంతంలో ఉయ్‌గర్ల మీద జరుగుతున్నదాని గురించి వచ్చే సమావేశంలో చర్చ పెట్టాలా, వద్దా? చైనాను ఖండించమని అడగలేదు. ఆంక్షలు పెట్టమనలేదు. విచారణ సంఘం వేయమని కూడా అనలేదు. మాట్లాడుకుందామా అని మాత్రమే అడిగారు. 17 దేశాలు సరే అన్నాయి, 19 వద్దన్నాయి, 11 ఏమీ అనలేదు. ఆ పదకొండులో మన దేశం ఒకటి.

గోదావరి ఒడ్డు ఆదివాసీ రచయితలకు ఉయ్‌గర్లతో పనేమిటని అడిగే మిత్రులున్నారు. మాలో కవిత్వం రాసేవాళ్లున్నారు, కథలు రాసేవాళ్లున్నారు, గూడేల్లో తిరిగి రేల పాటలు పోగుచేసేవాళ్లున్నారు. మాకు తెలిసిన పని మాటను పట్టి చూడటం. దౌత్య ప్రకటన కూడా ఒక రచనే. దానికీ రాసినవాడుంటాడు, చదవాల్సినవాడుంటాడు, చెప్పకుండా దాటేసిన విషయం ఉంటుంది. కథ మీద రాసినట్టే దాని మీదా విమర్శ రాయొచ్చు. పైగా ఆ భాష మాకు కొత్త కాదు. పోలవరం ముంపు మండలాల్లో ఇరవై ఏళ్లుగా మేము వింటున్న భాషకు అది పెద్దన్న.

మొదట మన దేశం మాట చూద్దాం. ఓటు జరిగిన మరుసటి రోజు మన విదేశాంగ శాఖ ప్రతినిధి విలేకరులకు వివరణ ఇచ్చారు. షిన్‌జియాంగ్ ప్రజల మానవ హక్కులు గౌరవించబడాలి, వాటికి హామీ ఉండాలి అన్నారు. సంబంధిత పక్షం పరిస్థితిని సక్రమంగా పరిష్కరిస్తుందని ఆశిస్తున్నాం అన్నారు. ఒక్కో దేశం పేరు పెట్టి తెచ్చే తీర్మానాల వల్ల ఉపయోగం ఉండదని, ఇది భారతదేశం ఎన్నాళ్లనుంచో పాటిస్తున్న వైఖరి అని అన్నారు. ఈ వివరణను తెలుగులోకి మార్చి చూడండి, ఎక్కడ బోలుగా ఉందో తెలుస్తుంది. గౌరవించబడాలి సరే, ఎవరు గౌరవించాలి? మన భాషలో ఇలాంటి వాక్యం కర్త లేకుండా సహజంగా నిలబడదు. ఆఫీసు భాషలో నిలబడుతుంది. "సంబంధిత పక్షం" అన్నచోట చైనా అన్న రెండక్షరాలు రాయడానికి కలం రాలేదు. రంపచోడవరం ఏజెన్సీలో అర్జీ పెట్టుకున్న ప్రతివాడికీ "సంబంధిత అధికారి" తెలుసు. ఆయన ఎప్పుడూ క్యాంపులోనే ఉంటాడు.

అయినా ఒక న్యాయం చెప్పుకోవాలి. ఉయ్‌గర్ల మాట మన ప్రభుత్వం ఇలా బహిరంగంగా ఎత్తడం అదే మొదలు. అంతకు ముందు ఆ మాత్రం కూడా లేదు.

ఇక "ఎన్నాళ్లనుంచో పాటిస్తున్న వైఖరి" అన్న ముక్క. 2012 మార్చిలోనూ, 2013 మార్చిలోనూ ఇదే మండలిలో శ్రీలంక పేరు పెట్టి తెచ్చిన తీర్మానాలకు మన దేశం అనుకూలంగా ఓటేసింది. అక్కడి యుద్ధం చివరి నెలల్లో తమిళుల మీద జరిగిన ఘోరాల గురించిన తీర్మానాలవి. అప్పుడు పేరు పెట్టడం తప్పనిపించలేదు. కారణం అందరికీ తెలిసిందే. తమిళనాడు అంతా ఒక్క గొంతుతో అడిగింది, ఢిల్లీలో ప్రభుత్వం నిలబడటానికి ఆ రాష్ట్రపు ఎంపీలు కావాలి. 2014లో మళ్లీ ఓటేయకుండా కూర్చుంది. అంటే వైఖరి అనేది రాతి మీద చెక్కింది కాదు, అడిగేవాళ్లుంటే కదులుతుంది. ఉయ్‌గర్ల తరఫున మన దేశంలో అడిగే రాష్ట్రం లేదు, ఓట్లు లేవు.

అడిగేవాళ్లు లేరు గానీ వాడుకునేవాళ్లున్నారు. 2016 ఏప్రిల్లో ధర్మశాలలో జరిగే ఒక సమావేశానికి రావడానికి ఉయ్‌గర్ ప్రవాస నాయకుడు దోల్కున్ ఈసాకు మన దేశం వీసా ఇచ్చింది. కొద్ది రోజులకే రద్దు చేసింది. అంతకు ముందే మసూద్ అజర్ విషయంలో ఐక్యరాజ్యసమితిలో చైనా అడ్డుపడి ఉంది. ఆ కోపంలో వీసా ఇచ్చారని, చైనా అభ్యంతరం చెప్పాక వెనక్కి తీసుకున్నారని పత్రికలు రాశాయి. 2022 ఫిబ్రవరిలో బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్ ప్రారంభ వేడుకలకు మన రాయబార కార్యాలయ తాత్కాలిక అధిపతి వెళ్లలేదు. అమెరికా, బ్రిటన్ వంటి దేశాలు షిన్‌జియాంగ్ పేరు చెప్పి అధికారులను పంపలేదు. మనం మానేసింది గల్వాన్ ఘర్షణలో పాల్గొన్న చైనా సైనికాధికారి చేతికి జ్యోతి ఇచ్చినందుకు. గల్వాన్‌లో మన జవాన్లు చనిపోయారు, ఆ బాధ నిజమైనదే. కానీ ఉయ్‌గర్ల లెక్కలో అది చేరదు.

2019 జులైలో మండలికి రెండు ఉత్తరాలు చేరాయి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదవడం మాకు మంచి పాఠం అయింది. మొదటిది 22 దేశాలది, ఎక్కువగా యూరప్ దేశాలు, వాటితో కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, జపాన్. విచారణ లేకుండా మూకుమ్మడిగా నిర్బంధిస్తున్నారని, అది ఆపాలని ఉత్తరం. సంతకం పెట్టినవాటిలో ముస్లింలు అధికంగా ఉన్న దేశం ఒక్కటీ లేదు. కొద్ది రోజులకే రెండోది వచ్చింది, 37 దేశాలది. అందులో సౌదీ అరేబియా ఉంది, పాకిస్తాన్ ఉంది, ఈజిప్టు ఉంది. చైనా మానవ హక్కుల్లో గొప్ప విజయాలు సాధించిందని, ఉగ్రవాదాన్ని ఎదుర్కోవడానికి వృత్తి విద్యా శిక్షణ కేంద్రాలు పెట్టిందని, అక్కడి అన్ని జాతుల ప్రజల్లో ఇప్పుడు సంతోషం, తృప్తి, భద్రత పెరిగాయని దాని సారాంశం. అదే ఏడాది మార్చిలో అబూధాబీలో ఇస్లామిక్ దేశాల సంస్థ కూడా ముస్లిం పౌరుల్ని బాగా చూసుకుంటున్నందుకు చైనాను మెచ్చుకుంటూ తీర్మానం చేసింది. ఆ సమావేశానికి గౌరవ అతిథి మన విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్. ఫిబ్రవరిలో టర్కీ ఒక్కటి ఇది మానవాళికి సిగ్గుచేటని గట్టిగా అంది. తర్వాత దాని గొంతూ తగ్గింది.

సంతోషం, తృప్తి, భద్రత. ఈ మూడు మాటలు చదవగానే మాలో ఒకరు నవ్వారు. పునరావాస కాలనీ ప్రారంభం రోజున పెట్టే ఫ్లెక్సీ మీద ఉండేవి ఇవే. ఒకరి సంతోషాన్ని ఇంకొకరు సంతకం పెట్టి ధ్రువీకరించాల్సి వస్తే అక్కడ ఏదో తేడా ఉన్నట్టే.

శిబిరాలకు పెట్టిన పేరు గురించి కాస్త ఆగి మాట్లాడాలి. 2018 ఆగస్టులో జాతి వివక్ష నిర్మూలన కమిటీ ముందు పది లక్షల మందిని నిర్బంధించారన్న వార్తల సంగతి అడిగినప్పుడు అలాంటి శిబిరాలే లేవని చైనా అంది. అక్టోబరుకల్లా స్థానిక చట్టం సవరించి, అవి ఉన్నాయి, వృత్తి శిక్షణ కేంద్రాలు అంది. రెండు నెలల్లో లేనిది ఉన్నదయింది, ఉన్నది బడి అయింది. కవులు, ఆచార్యులు, పాటగాళ్లు, రిటైరైన ఉద్యోగులు ఆ లోపలికి వెళ్లారు. వాళ్లకు కొత్తగా ఏ వృత్తి నేర్పాలి?

మాకూ ఇలాంటి మాటలున్నాయి. ముంపు అనేది మా నోటి మాట. కాగితం మీద అది "పునరావాసం" అవుతుంది. తరాల ఊరు "ఆవాసం" అవుతుంది. పోలవరం కింద 373 ఆవాసాలు, లక్షకు పైగా కుటుంబాలు కదలాలని ప్రభుత్వ లెక్క. అందులో సగానికి పైగా ఆదివాసులం. మా గూడేల్లో ఇప్పుడు చదువు రాని ముసలమ్మకు కూడా "కాంటూరు" అన్న మాట తెలుసు. 41.15 కాంటూరులో ఉంటే ముందు ప్యాకేజీ, 45.72లో ఉంటే తర్వాత. అంకెలు సముద్రమట్టం నుంచి మీటర్లలో ఎత్తు. 2022 జులైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. కూనవరం, వి.ఆర్.పురం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు మండలాల్లో 41.15 కాంటూరు బయట ఉన్నాయని రాసిన ఊళ్లు కూడా మునిగాయి. వరద కాగితం చదవదు. జనం గుట్టలెక్కి టార్పాలిన్ల కింద రోజులు గడిపారు. జెనీవాలో ఓటు జరగడానికి మూడు నెలల ముందటి మాట ఇది.

ఇక్కడ ఒక తేడా స్పష్టంగా చెప్పకపోతే మా విమర్శకు విలువ ఉండదు. మా పరిస్థితీ ఉయ్‌గర్ల పరిస్థితీ ఒకటి కాదు. మేము ఈ పుస్తకం వేస్తున్నాం. కోర్టుకు వెళ్లాం, రంపచోడవరం ఐటీడీఏ ముందు ధర్నాలు చేశాం, ఎంపీల్ని ఎమ్మెల్యేల్ని మొహం మీద అడిగాం. మాకు 1/70 చట్టం ఉంది, 1996 పెసా ఉంది, 2006 అటవీ హక్కుల చట్టం ఉంది, 1997లో సమతా తీర్పు వచ్చింది. వాటిని తొక్కుతున్నారని అనే హక్కు కూడా ఉంది. ఉయ్‌గర్ల స్వయంపాలిత ప్రాంతం 1955 అక్టోబరులో ఏర్పడింది. ఆ పేరులోని స్వయంపాలన గురించి చట్టం చూపించి అడిగిన ఆర్థికశాస్త్ర ఆచార్యుడు ఇల్హామ్ తొహ్తీకి 2014 సెప్టెంబరులో యావజ్జీవ శిక్ష పడింది. ఆయన వేర్పాటు కోరలేదు. చైనా సొంత రాజ్యాంగం అమలు చేయమన్నాడు. అయిదో షెడ్యూలు అమలు చేయమని మేము రోజూ అంటున్నదే అది. దానికి ఇక్కడ కేసులు పడతాయి, అక్కడ జీవితం పోతుంది. మా బాధను పెద్దది చేసి చూపడానికి వాళ్ల బాధను అరువు తెచ్చుకోకూడదు.

ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం నివేదిక 2022 ఆగస్టు 31న అర్ధరాత్రికి కొన్ని నిమిషాల ముందు బయటికొచ్చింది. ఆ అర్ధరాత్రితో హైకమిషనర్ మిషెల్ బాచెలెట్ పదవీకాలం ముగిసింది. ఆమె మే నెలలో చైనా వెళ్లొచ్చారు, నివేదిక అంతకు ముందు నుంచే నలుగుతోంది. ఆపమని ఒత్తిడి, విడుదల చేయమని ఒత్తిడి. చివరికి తలుపు వేసి వెళ్లిపోతూ గుమ్మం మీద పెట్టినట్టు పెట్టారు. అయినా ఆ నివేదికను మేము గౌరవిస్తాం. షిన్‌జియాంగ్‌లో జరిగింది మానవత్వానికి వ్యతిరేకమైన నేరాల కిందికి రావచ్చని అది రాసింది. "రావచ్చు" అన్న మాట పిరికిదని కొందరన్నారు. మేము అలా అనుకోవడం లేదు. లోపలికి పోనివ్వని చోట గురించి, బయటపడ్డవాళ్లను అడిగి, చైనా ప్రభుత్వ కాగితాలనే చదివి రాసినవాళ్లకు ఆ జాగ్రత్త ఉండాలి. పిరికితనం నివేదికలో లేదు. అయిదు వారాల తర్వాత దాన్ని చర్చకు కూడా ఒప్పుకోని గదిలో ఉంది.

చర్చ కావాలన్న 17 దేశాల చేతులు మాత్రం శుభ్రంగా ఉన్నాయా? వెనక్కి వెళ్దాం. 2007 సెప్టెంబరు 13న ఆదివాసీ ప్రజల హక్కుల ప్రకటన ఐక్యరాజ్యసమితి సాధారణ సభలో ఓటుకొచ్చింది. 144 దేశాలు ఒప్పుకున్నాయి. నాలుగు దేశాలు వ్యతిరేకించాయి. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్. ఉయ్‌గర్ల కోసం 2019 ఉత్తరం మీద సంతకం పెట్టినవాటిలో మూడు, 2021 జనవరిలో ఇది జాతిహననమని ప్రకటించిన నాలుగోది. తర్వాతి ఏళ్లలో నాలుగూ మనసు మార్చుకున్నాయి, ఆ మాట కూడా చెప్పాలి. మరి 2007లో అనుకూలంగా ఓటేసినవాళ్లెవరు? భారతదేశం ఉంది, చైనా ఉంది. భారతదేశం మా ప్రజలందరూ మూలవాసులే అంటుంది. చైనా మా దేశంలో మూలవాసుల సమస్యే లేదంటుంది. ఒకరు అందరూ అన్నారు, ఇంకొకరు ఎవరూ లేరన్నారు. రెండు దారుల్లోనూ తేలేది ఒకటే, ఆ ప్రకటన మా గూడెం దాకా రాదు.

దానికంటే పాతది ఒకటుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 107వ ఒడంబడికను మన దేశం 1958లో ఆమోదించింది. ఆదివాసుల్ని వాళ్ల ఒప్పుకోలు లేకుండా భూముల నుంచి కదపకూడదని, తప్పనిసరైతే అంతకు తగ్గని భూమి ఇవ్వాలని అందులో ఉంది. ముంపు ఉద్యమంలో మా పెద్దలు దీన్ని చాలాసార్లు ఉటంకించారు. కానీ పూర్తిగా చదివితే ఇంకోటి కనబడుతుంది. ఆ ఒడంబడిక ఆదివాసుల్ని మెల్లగా జాతీయ జనజీవనంలో కలిపేయడమే గమ్యం అనుకుని రాసింది. ఈ "కలిపేయడం" మీద విమర్శలొచ్చాకే 1989లో 169వ ఒడంబడిక వచ్చింది. దాన్ని మన దేశం ఆమోదించలేదు. వెనకబడినవాళ్లను పైకి తెస్తున్నాం, ఉమ్మడి భాష నేర్పుతున్నాం, పనిలో పెడుతున్నాం అని బీజింగ్ ఇప్పుడు చెప్పే మాటల వంశవృక్షం వెతికితే ఈ పాత కాగితం కూడా అందులో తగులుతుంది.

బయటి దేశాల నోరు ఎప్పుడు లేస్తుందో చూస్తే డబ్బు దారి కనిపిస్తుంది. నర్మద మీద సర్దార్ సరోవర్‌కు ప్రపంచ బ్యాంకు అప్పు ఉంది. అందుకే అక్కడి ఆదివాసుల గోడు వాషింగ్టన్ దాకా వెళ్లింది, బ్యాంకు మోర్స్ కమిషన్ వేసుకుంది, 1993లో అప్పు ఆగింది. పోలవరం కేంద్రం డబ్బుతో కడుతున్న జాతీయ ప్రాజెక్టు. బయటివాళ్లు ఎవరూ లెక్క అడగరు. ఉయ్‌గర్ల విషయంలో మాటలకంటే గట్టిగా పనిచేసింది అమెరికా 2021 డిసెంబరులో చేసిన చట్టం. షిన్‌జియాంగ్ సరుకు బలవంతపు చాకిరీతో తయారైందని ముందే అనుకుని ఆపుతారు, కాదని దిగుమతిదారు రుజువు చేసుకోవాలి. ప్రపంచపు పత్తిలో అయిదో వంతు దాకా అక్కడ పండుతుంది కాబట్టి ఈ దెబ్బ తగిలింది.

ఈ దారి డెల్టా దాకా కూడా వచ్చింది. చైనా చేపల శుద్ధి కర్మాగారాల్లో ఉయ్‌గర్లను తెచ్చి పని చేయిస్తున్నారని 2023 అక్టోబరులో బయటపెట్టిన పాత్రికేయుల బృందమే, 2024 మార్చిలో అమలాపురం దగ్గరి ఒక రొయ్యల కర్మాగారం గురించి రాసింది. వలస కూలీ ఆడవాళ్ల వసతి, జీతాలు, గేటు దాటి బయటికి వెళ్లే స్వేచ్ఛ గురించి అక్కడ పనిచేసి వెళ్లిన అమెరికన్ మేనేజరు చెప్పిన ఆరోపణలవి. కంపెనీ వాటిని ఖండించింది. ఏది ఎంత నిజమో తేల్చే పని మాది కాదు. మేము గమనించింది డెల్టాలో వినిపించిన మాట. ఇది మన రొయ్యల మీద కుట్ర, పోటీ దేశాల పని, అమెరికాకు మనల్ని అడిగే హక్కెక్కడిది. షిన్‌జియాంగ్ పత్తి గురించి బీజింగ్ అన్నది వాక్యం వాక్యం ఇదే. ఆ మాటన్నవాళ్లలో కొందరు చైనాను తిట్టడంలో ముందుంటారు. వసతి గృహంలో పడుకునే ఆ ఆడవాళ్లను ఒకసారి అడుగుదామని అన్నవాళ్లు తక్కువ.

తెలుగులో ఈ విషయం మీద వచ్చిన రాతల గురించి కూడా అనాలి, మాది విమర్శ కాబట్టి. ఉయ్‌గర్ల పేరే మనకు ఇంకా కుదరలేదు, ఒక పత్రిక వీగర్లు అంటుంది, ఇంకోటి ఉయిఘర్లు. మా తెగల పేర్లను కులధ్రువీకరణ పత్రాల్లో రకరకాలుగా రాసే గుమస్తాలు గుర్తొచ్చారు. రాతలు రెండు గుంపులుగా ఉన్నాయి. ఒక గుంపుకు చైనా మీద కోపం, కాబట్టి ఉయ్‌గర్ల మీద ప్రేమ. ఇదే గుంపు ఇక్కడి ముస్లింల దగ్గరికొచ్చేసరికి ఆ ప్రేమను మడిచి దాచుకుంటుంది. రెండో గుంపులో మాకు దగ్గరివాళ్లు, మా పోరాటాలకు అండగా నిలిచినవాళ్లు ఉన్నారు. వాళ్లకు అమెరికా మీద కోపం, కాబట్టి ఉయ్‌గర్ల మాటంతా పాశ్చాత్యుల కట్టుకథ. ఇరాక్ అబద్ధాలు చూసినవాళ్ల అనుమానం మాకు అర్థమవుతుంది. కానీ అబద్ధాలాడేవాడు ఇల్లు కాలుతోందని అరిచినా పొగ వస్తోందో లేదో వెళ్లి చూడాలి కదా. ఏజెన్సీలో పోలీసు క్యాంపు గురించి మేము చెప్పినప్పుడు ఇదంతా ఫలానావాళ్ల ప్రచారం అని కొట్టిపారేస్తే ఈ మిత్రులే మా తరఫున మండిపడ్డారు. అదే కొలత అక్కడికీ పట్టుకెళ్లమంటున్నాం.

రాజమండ్రి సాహిత్య సభల్లో దూరదేశాల బాధల మీద తీర్మానాలు చదువుతారు, మేమూ చేతులెత్తుతాం. దవళేశ్వరం దగ్గర 1852కి ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి డెల్టాకు గోదావరి అన్నం పెడుతోంది, దాని మీద వచ్చిన కవిత్వానికి లెక్కలేదు. ముంపు మీద తీర్మానం పెట్టమంటే మాత్రం సభ ఇబ్బంది పడుతుంది. నీళ్లు కావాలి, ఊళ్లు మునగాలి, ఈ రెండో మాట పైకి అనడం బాగుండదు. 2014 మేలో తెలంగాణ ఏర్పడటానికి నాలుగు రోజుల ముందు ఆర్డినెన్సుతో ముంపు మండలాల్ని ఇటు కలిపినప్పుడు ఏ గ్రామసభనూ అడగలేదు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ మాత్రం తమ వైపు మునిగే ఆదివాసీ ఊళ్ల పేరు చెప్పి సుప్రీంకోర్టుకు వెళ్లాయి. సొంత గనుల దగ్గర ఆ ప్రభుత్వాలు ఆదివాసుల్ని ఎలా చూస్తాయో మాకు తెలుసు. అయినా ఆ కేసు మాకు ఉపయోగపడింది. 22 దేశాల ఉత్తరం చదివి దూరానున్న ఉయ్‌గర్లకూ బహుశా ఇలాగే అనిపించి ఉంటుంది. అడిగినవాడి మనసు మంచిదా కాదా అన్నది తర్వాతి సంగతి, ముందు ఎవరో ఒకరు అడిగారు.

ఈ మధ్య దౌత్యం ఇంకా చల్లబడింది. 2025 ఫిబ్రవరి 27న థాయ్‌లాండ్ తన దగ్గర పదేళ్లకు పైగా నిర్బంధంలో ఉంచిన 40 మంది ఉయ్‌గర్లను తెల్లవారుజామున విమానమెక్కించి చైనాకు అప్పగించింది. పంపొద్దని ఐక్యరాజ్యసమితి నిపుణులు ముందే చెప్పారు. కొన్ని దేశాలు ఖండించాయి, కొద్ది మంది థాయ్ అధికారుల వీసాల మీద అమెరికా ఆంక్ష పెట్టింది, వార్త వెనక పేజీకి పోయింది.

మా పనికి దగ్గరగా ఉన్న ఒక పేరు చెప్తాం. రాహిలె దావుత్. షిన్‌జియాంగ్ విశ్వవిద్యాలయంలో జానపద విజ్ఞానం ఆచార్యురాలు. ఊరూరా తిరిగి మజార్లనే పవిత్ర సమాధుల చుట్టూ అల్లుకున్న కథలు, పాటలు, మొక్కులు రాసుకున్న మనిషి. ఆమె పనిని చైనా ప్రభుత్వమే మెచ్చుకుని నిధులిచ్చిన రోజులున్నాయి. 2017 డిసెంబరు నుంచి ఆమె కనిపించలేదు. యావజ్జీవ శిక్ష పడిందని 2023 సెప్టెంబరులో బయటి లోకానికి తెలిసింది. ఆమె రాసుకున్న మజార్లలో కొన్ని ఇప్పుడు నేలమట్టం. దేవీపట్నం దగ్గర గండిపోచమ్మ గుడిలోకి నీళ్లొచ్చినప్పుడు అమ్మవారి పాటలు మునిగేలోపు రాసుకోవాలని మాలో కొందరు పరుగులు తీశారు. మమ్మల్ని ఎవరూ పట్టుకోలేదు. పట్టుకునే రాజ్యంలో ఆ పని చేసిన ఆవిడ శిక్ష గురించి మన దేశపు జానపద విద్వాంసుల గొంతు మాకు ఇంకా గట్టిగా వినబడలేదు.

నవలాకారుడు పెర్హాత్ తుర్సున్ కూడా జైల్లో ఉన్నాడు, 16 ఏళ్ల శిక్ష. ఆయన చిన్న నవల ఒకటి 2022లో ఇంగ్లీషులోకి వచ్చింది, పల్లెటూరి ఉయ్‌గర్ కుర్రాడు ఉరుమ్చీ నగరంలో ఉండటానికి గది వెతుక్కుంటూ పొగమంచులో తిరిగే కథ. అనువాదకులు ఇద్దరు. ఒకరు అమెరికన్. రెండోవారు ఉయ్‌గర్, 2017 నుంచి ఆచూకీ లేదు, కుటుంబానికి ఇంకా కీడు జరగకూడదని పుస్తకం మీద పేరు వేయలేదు. ఆ నవలను తెలుగులోకి తేవాలని అనుకుంటున్నాం. చింతూరు, రంపచోడవరం నుంచి ఇంగ్లీషు చదువుకున్న మా పిల్లలు నలుగురు మొదటి పేజీలు పంచుకున్నారు.